గీతపడని వాచీకి గీతలెలా పడ్డాయి?

రాజోలు: కోనసీమలో గల్ఫ్ నుంచి వచ్చిన చేతిగడియారం లేని ఊరంటూ కనిపించదు. కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఏళ్ల తరబడి చెమటోడ్చినవారు తిరిగి వచ్చేటప్పుడు బంగారంతోపాటు ఓ మంచి వాచీ కూడా తెచ్చుకునేవారు. వారిలో కొందరు వృద్ధులయ్యారు, కొందరు కాలం చేశారు. వాచీలు కొడుకుల చేతికొచ్చాయి. అద్దాలు మసకబారిన ఆ వాచీలతో వారిప్పుడు మరమ్మతు దుకాణాల మెట్లెక్కుతున్నారు.

ఇలా వచ్చినవారిలో ఓ రైతు ఉన్నారు. ఆయన తండ్రి కువైట్ నుంచి తెచ్చిన రాడో డయాస్టార్ అది. అద్దం నిండా గీతలే. టైము చూడాలంటే వెలుతురులో అటూఇటూ తిప్పాల్సిందే. టూత్‌పేస్టుతో రుద్దితే పోతాయని ఎవరో చెబితే రెండు రోజులు రుద్దారు. ఫలితం లేకపోయింది. మెకానిక్కు కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, ''ఇది కంపెనీ అద్దం కాదండీ'' అన్నారు. రైతు నివ్వెరపోయారు.

మూడు రకాలు

వాచీ అద్దాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది ప్లాస్టిక్. పాత హెచ్‌ఎంటీ వాచీల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ఇట్టే గీతలు పడుతుంది. కానీ మెత్తటి గుడ్డకు పాలిష్ పేస్టు అద్ది రుద్దితే సన్నగీతలు పోతాయి. టూత్‌పేస్టు చిట్కా పనిచేసేది దీనిమీదే. దెబ్బ తగిలినా ముక్కలై చిమ్మదు. 1969లో ఆల్డ్రిన్ చంద్రునిపై ధరించిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ అద్దమూ ప్లాస్టిక్కే.

రెండోది గట్టిపరచిన గాజు. దీనిపై లోతైన గీత పడితే రుద్దడం దండగ, మార్చుకోవడమే చవక.

మూడోది నీలమణి అద్దం. ఇది గనిలోంచి తవ్విన నీలం కాదు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి స్ఫటికంగా పెంచే పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నాయ్ 1902లో వెల్లడించారు. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలబద్దపై వజ్రానిది 10 అయితే నీలమణిది 9. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువుది 7, మామూలు గాజుది సుమారు 5.5. అందుకే పొలం దుమ్ము గాజును గీస్తుంది, నీలమణిని గీయలేదు. ఇటువంటి అద్దంతో, కఠిన లోహపు కేసుతో రాడో సంస్థ 1962లో డయాస్టార్‌ను గీతపడని వాచీగా విడుదల చేసింది.

తల్లి చెప్పిన సంగతి

ఎవరో అద్దం మార్చేసి మోసం చేశారని రైతు మండిపడుతూ ఇంటికెళ్లారు. అసలు సంగతి తల్లి చెప్పారు. గల్ఫ్ నుంచి వచ్చేసిన కొన్నేళ్లకు తండ్రి చేతిలోంచి వాచీ జారి సిమెంటు గచ్చుమీద పడింది. నీలమణి గీతకు లొంగదు గాని, గట్టి దెబ్బకు పగులుతుంది. కంపెనీ అద్దానికి డబ్బు చాలక ఆయన మామూలు గాజు వేయించుకున్నారు. పిల్లలకు చెప్పలేదు.

మార్చేముందు

ఖరీదైన వాచీ అయితే ముందు ఏ రకం అద్దమో అడిగి తెలుసుకోవాలని మెకానిక్కులు చెబుతున్నారు. కొత్తగా వేసేది ఏ రకమో రసీదులో రాయించుకోవాలి. గ్యారంటీ గడువులో ఉంటే కంపెనీ సర్వీసు కేంద్రానికే ఇవ్వాలి. అద్దం కిందుండే రబ్బరు రింగు కూడా మార్పించాలి. అది పాతబడితే చెమట, నీరు లోపలికి దిగి డయల్, ముళ్లు పాడవుతాయి. పని పూర్తయ్యాక నీరు చొరబడని పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష చేసే యంత్రం చిన్న దుకాణాల్లో సాధారణంగా ఉండదు. అక్కడ బాగుచేయించిన వాచీతో స్నానానికి, చెరువులోకి దిగకపోవడమే మేలు.

మర్నాడు రైతు మళ్లీ దుకాణానికి వచ్చారు. కంపెనీ అద్దం తెప్పించమంటారా అని మెకానిక్కు అడిగారు. ''నాన్న వేయించుకున్న రకమే వేయండి'' అన్నారాయన. కొత్త గాజు బిగించాక, గీతలు పడిన పాత అద్దాన్ని కాగితంలో చుట్టించుకుని జేబులో పెట్టుకు వెళ్లారు.