దుబాసీ చేసిన తప్పు

ఆ ఆదివారం సాయంకాలం మా అన్నగారి అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "బాబాయ్, పురుగు దొరికింది!" అన్నది సంబరంగా. పక్కనే వున్న మా ఆవిడ గబగబా లేచి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసి చూసింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. కంప్యూటరు వాళ్లు తమ పనిలో దొర్లే తప్పును పురుగు అంటారన్న సంగతి నాకు మాత్రం ఎప్పుడు తెలిసిందని! యంత్రంలోని లోపాన్ని 'బగ్' అనటం ఎడిసన్ కాలం నుంచీ వున్నదే. 1947లో హార్వర్డువారి మార్క్ టూ యంత్రంలో నిజంగానే ఒక రెక్కలపురుగు ఇరుక్కుంటే, దాన్ని తీసి చిట్టాపుస్తకంలో అంటించి పెట్టారు.

అమ్మాయికి దొరికింది రెక్కల పురుగు కాదు. పాత 32 బిట్ల యంత్రాల మీద తూకాల లెక్కలు నడిపే ప్రోగ్రాం రాయటం ఆమె ఉద్యోగం. ఒకే లెక్కను రెండుచోట్ల చేసి, రెండూ సమానమేనా అని అడిగితే, కాదు పొమ్మంటున్నది యంత్రం. విలువలేమిటో చూద్దామని మధ్యలో వాటిని తెరమీద చూపించే పంక్తి ఒకటి చేర్చితే, సమానమేనంటున్నది! ఆ పంక్తి తీసేస్తే మళ్లీ మొదటికే. డాక్టరు గుమ్మంలోకి రాగానే తగ్గిపోయే పిల్లవాడి కడుపునొప్పి అన్నమాట.

"తప్పు నా ప్రోగ్రాంలో లేదు, కంపైలరులో వున్నది" అని పై అధికారితో చెప్పిందట. ఆయన నవ్వి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అన్నాడట. అమ్మాయికి రోషం వచ్చింది.

కంపైలరు అంటే దుబాసీ. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే సున్నాలూ ఒకట్లుగా మార్చేది అదే. ఆమె వాడే దుబాసీ పేరు జీసీసీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో దాన్ని లోకానికి వదిలాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనబడితే ఎవరైనా చిట్టాలో రాయించవచ్చు. ఆ అధికారిని నేను పూర్తిగా తప్పుపట్టను. చాలాసార్లు తప్పు రాసినవాడిదే అవుతుంది. కాని దుబాసీలు పొరబడటం కద్దు. యూటా విశ్వవిద్యాలయంవారు పనిగట్టుకుని వింత వింత ప్రోగ్రాములు పుట్టించి పరీక్షించి, మూడేళ్లలో 325కు పైగా తప్పులు పట్టుకున్నట్టు 2011లో ప్రకటించారు.

ఇక ఫిర్యాదు రాయటమే ఒక విద్య. మా విద్యార్థులు వచ్చి "పుస్తకం నిండా తప్పులేనండీ" అంటారు. "ఏ పేజీ? ఎన్నో పంక్తి? ఎన్నో ముద్రణ?" అంటే నీళ్లు నములుతారు. అక్కడా ఇవే ప్రశ్నలట. ఎన్నో కూర్పు, ఏ యంత్రం, ఏమని ఆజ్ఞ ఇచ్చావు, తప్పు కనబడేటంత చిన్న ప్రోగ్రాము ఏది? మూడు రాత్రులు కూర్చుని నాలుగువేల పంక్తుల్లో ఒక్కొక్కటే తీసేస్తూ, పదకొండు పంక్తులకు దించింది మా అమ్మాయి. అప్పటికీ పురుగు బతికే వున్నది.

పంపేముందు ఇదివరకు ఎవరైనా చెప్పారేమో చూడాలని నియమం. చూస్తే, వున్నది! 2000లోనే ఎవరో రాయించారు, సంఖ్య 323. ఆ తరవాత ఎందరో అదే తప్పును కొత్తదనుకుని మళ్లీ మళ్లీ రాశారు.

సంగతి ఇది. ఆ పాత యంత్రం లెక్క కట్టేటప్పుడు సంఖ్యను 80 బిట్లలో వుంచుకుంటుంది. జ్ఞాపకంలో దాచేటప్పుడు 64 బిట్లకు కుదిస్తుంది. కంసాలి బంగారాన్ని సన్నని త్రాసులో తూచి, చిట్టాలో మాత్రం చిల్లర వదిలి రాసినట్టు. తరవాత త్రాసునూ చిట్టానూ పక్కన పెట్టి సమానమా అంటే, ఎలా అవుతాయి? మధ్యలో చేర్చిన పంక్తి ఆ రెండో విలువను కూడా చిట్టాకెక్కించింది, అంతే.

అయితే ఇది తప్పా, యంత్ర స్వభావమా? ఈ వాదం ఏళ్ల తరబడి జరిగింది. నాకు వెంటనే మన వ్యాకరణంలోని 'బహుళం' జ్ఞాపకం వచ్చింది. ఒకచోట కార్యం జరుగుతుంది, ఒకచోట జరగదు, రెండూ సాధువులే. "అదే అయితే గొడవేముంది బాబాయ్" అన్నది అమ్మాయి. సి భాషకు 1999లో చేసిన శాసనం ప్రకారం లెక్క మధ్యలో ఆ చిల్లర వుండవచ్చు, కాని ఒక పేరుగల చరరాశిలో పెట్టగానే పోవాలి. అదీ పాటించటం లేదు గనకనే ఫిర్యాదు. నాకైతే ఫిర్యాదీలదే న్యాయమనిపించింది. వేగం తగ్గుతుందన్న అవతలివారి బాధ కూడా అబద్ధం కాదు.

2010లో వచ్చిన 4.5 కూర్పులో, సి భాషవరకు, శాసనం తు.చ. తప్పకుండా నడిచే ఐచ్ఛికం ఒకటి పెట్టారు. అడిగితేనే పనిచేస్తుంది. అమ్మాయి అడిగింది. లెక్కలు కలిశాయి, పని కాస్త నెమ్మదించింది.

పై అధికారి ఏమన్నాడని అడిగాను.

"ఏమీ అనలేదు బాబాయ్. ఆ ఐచ్ఛికం ఏమిటో కాగితమ్మీద రాసిమ్మన్నారు. ఆయన ప్రోగ్రాంలోనూ వున్నదట!"