గంజాయి కేసులో అప్పీలు: తూకం, శాంపిళ్లు, పంచనామా

ఎర్రుపాలెం రైల్వే స్టేషన్ విజయవాడ–కాజీపేట లైనులో, తెలంగాణ అంచున ఉంది. ఇక్కడ పట్టుబడిన గంజాయి కేసులో శిక్ష పడితే అప్పీలు హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టుకు వెళ్తుంది. సరిహద్దు దాటాక పట్టుబడితే అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు. చట్టం మాత్రం రెండు వైపులా ఒకటే: 1985 నాటి ఎన్డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం.

ఇందులో శిక్షను నిర్ణయించేది తూకం. గంజాయి కిలో లోపు ఉంటే ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, లక్ష రూపాయల జరిమానా. జడ్జికి జాలి కలిగినా అంతకన్నా తగ్గించే వీల్లేదు.

తీర్పు వచ్చాక 60 రోజుల్లో అప్పీలు వేయాలి. తీర్పు నకలు కోసం పట్టిన రోజుల్ని అందులోంచి మినహాయిస్తారు. జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. లాయరును పెట్టుకోలేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. అప్పీలు వేసినంత మాత్రాన బయటికి రారు. శిక్షను నిలిపివేయాలంటే, ఎక్కువ మొత్తం దొరికిన కేసుల్లో 37వ సెక్షన్ అడ్డుపడుతుంది: నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు కోర్టుకు కనబడాలి.

హైకోర్టు సాక్షుల్ని మళ్లీ పిలవడం అరుదు. కింది కోర్టు రికార్డునే మొదటి నుంచి చదువుతుంది. రికార్డును అలా చదివితే ఏం బయటపడుతుందో తెలంగాణ కేసు ఒకటి చూపించింది. 2009లో ఒక వాహనంలో 80 కిలోల గంజాయి దొరికిందన్నారు. నిందితులకు పదేళ్ల శిక్ష పడింది. హైకోర్టు కూడా ఖాయం చేసింది. 2024 మార్చి 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మూటల్లో గంజాయితో పాటు మిరపకాయలు కూడా ఉన్నాయని సాక్ష్యంలో తేలింది. పంచనామాలో వాటి ఊసే లేదు, వేరుచేసి తూచలేదు. తీసిన మూడు శాంపిళ్లలో ఒకటి నిందితులకు ఇచ్చామన్నారు. ల్యాబుకేమో మూడూ చేరాయి! మేజిస్ట్రేటు ఎదుట శాంపిళ్లు తీయాలన్న 52ఏ సెక్షన్‌నూ పాటించలేదు.

అలాగని 52ఏ తప్పితే చాలు, కేసు పోయినట్టే అనుకోకూడదు. మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే శిక్ష నిలుస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది.

అందుకే అప్పీలుకు పునాది విచారణలోనే పడాలి. మిరపకాయల సంగతి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగకపోతే రికార్డుకెక్కదు. రికార్డులో లేనిదాన్ని పై కోర్టులో ఎంత పెద్ద లాయరు వాదించినా నిలవదు.