చేను మనదే, చప్పుడు గట్టు దాటుతుంది
తుపాకీ మోతపై ఫిర్యాదు వస్తే ఏమవుతుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో మక్క కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే రైతుకు కంటి మీద కునుకు ఉండదు. పొద్దుగూకితే అడవి పందులు, తెల్లారితే కోతులు. మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవారు కొందరు, టపాకాయలు పేల్చేవారు మరికొందరు. ఎక్కడో ఒకచోట తుపాకీ కూడా మోగుతుంది. ఆ మోతకు పక్క చేలో కట్టేసిన బర్రె బెదిరి తలుగు తెంపుకుంటుంది. ఇంట్లో పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. తెల్లవారితే పంచాయితీ. “నా చేను, నా తుపాకీ, అడగడానికి నువ్వెవరు?” అని ఒకరంటే, “ఠాణాలో చూసుకుందాం” అని మరొకరు.

అంతవరకు అది చప్పుడు తగాదాయే. ఫిర్యాదు ఠాణాకు చేరాక దాని రంగు మారుతుంది. మోత ఎంత పెద్దదన్న మాట వెనక్కుపోతుంది. తుపాకీ ఎక్కడిది, లైసెన్సు ఉందా, దేని మీద పేల్చారు అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. అసలు శిక్షలు ఆ ప్రశ్నల వెనుకే ఉన్నాయి.

చప్పుడుకు జరిమానా, తుపాకీకి జైలు

నలుగురికీ ఇబ్బంది కలిగించడాన్ని చట్టం పబ్లిక్ న్యూసెన్సు అంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ ప్రకారం దీనికి 1,000 రూపాయల వరకు జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఇది 200 రూపాయలే. మానుకోవాలని అధికారి ఉత్తర్వు ఇచ్చిన తరువాత కూడా కొనసాగిస్తే ఆరు నెలల వరకు సాధారణ ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

తుపాకీ సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించి శిక్షలు పెంచారు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే సాధారణంగా కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, పైగా జరిమానా. “తాతల నాటిది, అటక మీద పడి ఉంది” అన్న జవాబు చెల్లదు.

పంట కాపలాకు మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆ చట్టంలోనే ఉంది. అయితే లైసెన్సు షరతులు మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనుషుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా పేల్చినా, పెళ్లిళ్లు, ఉత్సవాల్లో సంబరానికి అలా పేల్చినా రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రజల భద్రతకు, శాంతికి అవసరమనుకుంటే అధికారి లైసెన్సును నిలిపివేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. అప్పుడు రైతుకు కేసు ఒకటి, కాపలా పోవడం మరొకటి.

గుండు అడవి పందికి తగిలితే మూడో చట్టం వస్తుంది. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. పంట పాడుచేస్తున్న పందిని కాల్చాలన్నా ముందుగా అధికారం ఉన్నవారి రాతపూర్వక అనుమతి ఉండాలి. పంది తన చేలోనే పడిందన్నది సాకు కాదు.

పైపు తుపాకీతో జాగ్రత్త

కోతులను తరమడానికి కొందరు ప్లాస్టిక్ పైపులో కార్బైడ్, నీళ్లు పోసి పేలుస్తుంటారు. ఇది ఉత్త చప్పుడే కదా అనుకోరాదు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇలాంటి పైపులు పేలి ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. నిర్లక్ష్యంగా పేల్చి ఎదుటివారికి గాయం చేస్తే ఆరు నెలల వరకు, తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

హద్దు దాటకూడని మోత

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఆ వేళలో టపాకాయల మోత కూడదు. ఈ పరిమితి కొంతసేపటి సగటు లెక్క. అందువల్ల ఎప్పుడో ఒక్కసారి వినిపించిన మోత కంటే, రోజూ రాత్రి సాగే మోతను రుజువు చేయడం తేలిక. సొంత ఆవరణలో చేసినా ఆ చప్పుడు బయటకు వచ్చి ఇతరులను బాధించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005 జూలై 18న తేల్చి చెప్పింది.

సొంత భూమిలో తుపాకీ మోత మీద పేరొందిన తీర్పు ఇంగ్లండుది. ఒకాయన వెండినక్కలు పెంచుతూ బోర్డు పెట్టాడు. ఆ బోర్డుంటే తన ఇళ్ల స్థలాలు అమ్ముడుపోవని పక్క భూమి యజమాని తీసేయమన్నాడు. తీయలేదు. నక్కలు ఈనే కాలం చూసి అతడు తన భూమిలోనే, హద్దు దగ్గర తుపాకీ పేల్పించాడు. 1936లో కోర్టు నక్కల యజమానికి నష్టపరిహారం ఇప్పించి, ఆ కాలంలో మోత వద్దని ఆపింది. భూమి సొంతమే అయినా ఎదుటివాడికి చెరుపు చేసే ఉద్దేశంతో చేసిన చప్పుడు చెల్లదన్నదే అందులోని సారం. పంట కోసం పేల్చడం వేరు, పగతో పేల్చడం వేరు.

ఫిర్యాదు చేసేవారికి

“రోజూ మోగుతోంది” అంటే చాలదు. తేదీ, వేళ, ఎన్నిసార్లు, ఎంత దూరం నుంచి, ఏం నష్టం జరిగిందో రాసి ఉంచాలి. విన్న మరో ఇద్దరి పేర్లు చేర్చాలి. గుండు ఇంటివైపు వచ్చినా, ప్రాణభయం ఉన్నా వెంటనే 112కు చెప్పాలి. శబ్ద నిబంధనల కింద కలెక్టరుకు గాని, డీఎస్పీకి తగ్గని అధికారికి గాని ఫిర్యాదు ఇవ్వవచ్చు. న్యూసెన్సును ఆపే ఉత్తర్వు ఆర్డీఓ ఇవ్వగలరు. ఎదుటివారికి తమ వాదన చెప్పుకునే అవకాశమూ ఉంటుంది. సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు, నష్టపరిహారం కోరవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పేదలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను 15100.

గట్టు తగాదా మనసులో పెట్టుకుని లేని మోతను ఉన్నట్టు రాస్తే అదీ నేరమే. అబద్ధపు సమాచారంతో అధికారిని పురికొల్పితే ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కాపలా కాసేవారికి

తుపాకీ ఉన్న రైతు లైసెన్సు గడువు దాటకుండా చూసుకోవాలి. అందులోని షరతులు చదివించుకుని తెలుసుకోవాలి. ఇళ్లవైపు, బాటవైపు గొట్టం తిప్పరాదు. పందుల బెడద ఎక్కువైతే అటవీ అధికారులకు దరఖాస్తు పెట్టి, దాని నకలు దాచుకోవాలి. కాపలా మొదలుపెట్టే ముందే ఇరుగుపొరుగు రైతులకు ఒక మాట చెప్పి ఉంచితే సగం తగాదాలు పుట్టవు. మక్క పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. కేసులో పోయిన ఏళ్లు మళ్లీ రావు.