చుట్ట పొగాకున ఘాటును, మెత్తదనమును కలిగించు విషయములు

గోదావరి లంకలలో చుట్టల కొఱకు పండించు పొగాకు ఘాటునకు పేరుపడినది. అయితే ఘాటు వేఱు, గొంతు గీరు గరుకుదనము వేఱు. ఘాటు పొలములో పుట్టును. మెత్తదనము మండెలో కుదురును. ఈ భేదము నెఱిగిన రైతునకే మంచి వెల దొరకును.

ఘాటునకు మూలము నికోటిన్. ఇది మొక్క వేళ్లయందు పుట్టి ఆకుల కెక్కును. అడుగు ఆకులలో తక్కువగాను, పై ఆకులలో హెచ్చుగాను ఉండును. క్యూబా దేశమున అడుగు ఆకును వోలాడో, నడిమి ఆకును సెకో, పై ఆకును లిగెరో యని వేఱుపఱచి, ఘాటైన లిగెరోను చుట్ట నడుమ నుంచుదురు. కావున ఈ మూడు తరగతుల ఆకును కలిపి కట్టకూడదు.

పూమొగ్గ కనబడగానే తల త్రుంచి, పిలకలు గిల్లుచుండినచో ఆకు దళసరియై ఘాటెక్కును. నత్రజని యెరువు మితిమీరినను ఘాటు హెచ్చును గాని, పొగ గరుకగును. ఉప్పునీరు పాఱిన పొలములోని ఆకునకు నిప్పు నిలువదు. పొటాషును మ్యూరియేటు రూపమున గాక సల్ఫేటు రూపముననే వేయవలెను.

ఆరిన ఆకును మండె వేసినచో అది తనంత తానే వేడెక్కును. గొంతును గీరు అమ్మోనియా వాయువు వెడలిపోవును. నికోటిన్ సైతము కొంత తగ్గును. వేడి హెచ్చగానే లోపలి ఆకు వెలుపలికిని, వెలుపలి ఆకు లోపలికిని వచ్చునట్లు తిరుగవేయవలెను. ఆలసించినచో ఆకు మాడును. తడి మిగిలినచో బూజు పట్టును. మండె ముగియకమున్నే అమ్మినచో పొలములో పడిన శ్రమకు తగిన ప్రతిఫలము రాదు.

మెత్తని పొగయైనను హానిలేనిది కాదు. తడిసిన పచ్చి ఆకునుండి నికోటిన్ చర్మము గుండ నెక్కి కూలీలకు వాంతులు, తలత్రిప్పుట కలిగించును. కావున మంచు ఆరిన పిదపనే కోయింపవలెను.