కంప్యూటరు వేగము – విద్యుత్తు పొదుపు

మన యరగేరవంటి గ్రామములలోను నేడు పిల్లల చదువునకు కంప్యూటరు, సెల్‌ఫోను తోడైనవి. బ్యాటరీ త్వరగా అయిపోవుచున్నదనియు, యంత్రము వేడెక్కుచున్నదనియు, క్రొత్తది కొనవలెననియు పిల్లలు కోరుట కద్దు. అంత ధనము వెచ్చించుటకు పూర్వము, ఉన్న యంత్రము విద్యుత్తును ఎట్లు వినియోగించుచున్నదో తల్లిదండ్రులు తెలిసికొనుట మేలు.

కంప్యూటరునకు ప్రాసెసరు మెదడువంటిది. అందలి కోట్లకొలది ట్రాన్సిస్టరులు దీపపు స్విచ్చులవలె వెలుగుచు ఆరుచు లెక్కలు చేయును. అవి సెకనుకు ఎన్ని మారులు మారగలవో అదియే దాని వేగము. ఆ మార్పులకగు విద్యుత్తు వేగమును బట్టియు, వోల్టేజి యొక్క వర్గమును బట్టియు పెరుగును. అనగా వోల్టేజి సగమైన యెడల ఖర్చు నాలుగవ వంతగును.

ఇందొక సూక్ష్మము గలదు. వేగము మాత్రమే సగము చేసినచో పనికి రెట్టింపు కాలము పట్టును. కావున ఆ పనికగు ఖర్చు తగ్గదు. అసలు ఆదా వోల్టేజి తగ్గించుటలోనే యున్నది. అయితే తక్కువ వోల్టేజితో ట్రాన్సిస్టరులు త్వరగా మారజాలవు. వేగము తగ్గింపకున్న లెక్కలు తప్పును. అందువలన తగ్గించునపుడు ముందు వేగమును, పిమ్మట వోల్టేజిని తగ్గింతురు. పెంచునపుడు ముందు వోల్టేజిని పెంతురు.

2000వ సంవత్సరమున ఇంటెల్ కంపెనీ స్పీడ్‌స్టెప్ అను ఏర్పాటుతో మొబైల్ పెంటియం 3 ప్రాసెసరులను విడుదల చేసెను. అందొకటి ఇంటి కరెంటుపై 650 మెగాహెర్ట్జ్ వేగముతో 1.6 వోల్టులపైనను, బ్యాటరీపై 500 మెగాహెర్ట్జ్ వేగముతో 1.35 వోల్టులపైనను నడచెడిది. పై సూత్రము ప్రకారము లెక్కించిన, వేగము 23 శాతము తగ్గగా విద్యుత్తు 45 శాతము తగ్గును. పని కొంత ఆలస్యమైనను, అదే పనికి మొత్తముమీద 29 శాతము మిగులును.

ఈ హెచ్చుతగ్గులను నిర్ణయించునది సాఫ్ట్‌వేరు. పని రద్దీని కనిపెట్టి వేగము మార్చవచ్చునని అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధకులు 1994లో చూపిరి. 2004లో లినక్స్‌లో ఆన్‌డిమాండ్ అను పద్ధతి చేరినది. విద్యార్థి వ్యాసము టైపు చేయునపుడు ప్రాసెసరు చాలవరకు వేచియుండును. అపుడు వేగము తగ్గి, పెద్ద పని రాగానే పెరుగును.

"నిదానమే ప్రధానము" అన్న పెద్దలే "ఆలస్యము అమృతము విషము" అనియు చెప్పిరి. ఇక్కడ రెండును వర్తించును. ప్రాసెసరు మరీ మందగించినచో పని ముగియువరకు తెర, మెమొరీ వెలుగుచునే యుండి ఆదాను హరించును. కావున ఎల్లప్పుడు గరిష్ఠ వేగము గాని, ఎల్లప్పుడు కనిష్ఠ వేగము గాని తగదు. పనిని బట్టి మారు అమరికయే మేలు. అక్కరలేని ప్రోగ్రాములను మూయవలెను. ఫోనులో బ్యాటరీ సేవర్‌ను వాడుకొనవచ్చును. వోల్టేజిని స్వయముగా తగ్గింపబోయిన యంత్రము ఆగి, వ్రాసిన పాఠము పోవచ్చును. దాని జోలికి పోరాదు. రాయచూరు వేసవిలో గాలిరంధ్రముల ధూళిని తుడుచుట మరువరాదు.

మన జిల్లాలోనే శక్తినగరులో 1985 నుండి బొగ్గు మండించి విద్యుత్తు తీయుచున్నారు. కరెంటు పోయిన రాత్రి పరీక్షకు చదువుకొను బిడ్డకు బ్యాటరీ మరొక గంట నిలుచుట చిన్న లాభము కాదు. క్రొత్త యంత్రమునకు ధనము కూర్చుటకు ముందు, ఉన్నదాని అమరికను ఒకమారు చూడుడు.