బుగులు పోయిందా, దాక్కుందా?

ఏడాదిన్నర పిల్ల వాకిట్లో కూర్చుని అరటిపండు తింటుంటే ప్రహరీ మీది కోతి దూకి చేతిలోది లాక్కుపోయిందనుకోండి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడుతుంది. సిద్దిపేట జిల్లా నారాయణరావుపేటలోనైనా, కోతుల బెడద ఉన్న మరే తెలంగాణ పల్లెలోనైనా ఇంట్లో పెద్దల నోట వచ్చే మాట దాదాపు ఇదే: "పోరి జడుసుకున్నది. పసిదానికేం యాదికుంటది, పెద్దగైతే బుగులు అదే పోతది." వినడానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ ఇందులో రెండు సంగతులు ఒకటిగా కలిసిపోయాయి. జరిగింది మర్చిపోవడం ఒకటి, దానివల్ల పుట్టిన భయం తగ్గడం మరొకటి. మెదడులో ఈ రెండూ వేర్వేరు పనులు, వయసును బట్టి రెండూ మారతాయి. పిల్లల భయాల మీద మనకున్న అపోహలు చాలామటుకు ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే.

ముందు మరుపు సంగతి. పసిపిల్లలు త్వరగా మర్చిపోతారన్నది నిజమే. మనలో ఎక్కువమందికి మూడు, మూడున్నరేళ్లకు ముందు జరిగినవేవీ గుర్తుండవు. అమెరికాలో బైరన్ క్యాంప్‌బెల్, ఎనిడ్ క్యాంప్‌బెల్ 1962లో ఎలుకలకు స్వల్పంగా కరెంటు షాకిచ్చి ఒక చోటంటే భయం నేర్పారు. 18 రోజుల పిల్లలు మూడు వారాలకే దాన్ని దాదాపుగా మరిచాయి. 100 రోజుల వయసున్నవి ఆరు వారాలైనా మరవలేదు. ఇక్కడితో ఆగితే పెద్దల మాటే గెలిచినట్టు. అయితే టొరంటోలోని పరిశోధకులు 2018లో ఇంకో అడుగు వేశారు. చిట్టెలుక పిల్లలు భయం నేర్చుకుంటున్నప్పుడు మెదడులో ఏయే కణాలు పనిచేశాయో వాటికి గుర్తు పెట్టారు. అవి పెరిగి, అంతా మర్చిపోయినట్టు కనిపిస్తున్న రోజుల్లో, సరిగ్గా ఆ కణాల మీదే వెలుగు పడేలా చేశారు. చకచకా తిరుగుతున్న చిట్టెలుక ఉన్నచోటే బిగుసుకుపోయింది. జ్ఞాపకం చెరిగిపోలేదన్నమాట, దానికి దారి మూసుకుపోయింది, అంతే. మనుషుల మెదడులో ఇలా కణాలకు గుర్తుపెట్టి చూడలేం గనుక మన పసితనపు భయాలన్నీ ఇలాగే దాగి ఉంటాయని తీర్మానించడం తొందరపాటే. అయినా "యాదికి లేదు గనుక లేదు" అన్న వాదం మాత్రం ఇక నిలవదు.

ఇక భయం తగ్గడం. భయపెట్టినది మళ్లీ మళ్లీ ఎదురైనా ఏ హానీ జరగకపోతే భయం క్రమంగా సద్దుమణుగుతుంది. మనోవిజ్ఞాన శాస్త్రంలో దీన్ని ఎక్స్‌టింక్షన్ అంటారు. ఆ మాట చూసి భయం సమూలంగా నశించిందనుకుంటాం. అది రెండో అపోహ. గంట మోగించి తిండి పెట్టకపోతే కుక్కకు లాలాజలం ఊరడం ఆగిపోతుందనీ, కొంత విరామం తర్వాత గంట మోగిస్తే అది మళ్లీ ఊరుతుందనీ రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ ఎప్పుడో చూపించాడు. పాత పాఠం పోదు, దాని పక్కన "ఇప్పుడు, ఇక్కడ, ఫరవాలేదు" అనే కొత్త పాఠం చేరుతుంది. భయాన్ని పుట్టించే అమిగ్డలాను నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అదుపు చేయడమే ఆ కొత్త పాఠం. దీంట్లో "ఇక్కడ" అన్న మాటే కీలకం. సెలవులకు నారాయణరావుపేటకు వచ్చిన ఐదేళ్ల బాబు అమ్మమ్మ ఇంటి కుక్కతో నెల రోజుల్లో చెలిమి చేయొచ్చు. అదే బాబు సిద్దిపేటకు తిరిగి వెళ్లాక వీధి మలుపులో కుక్కను చూసి తల్లి కొంగు పట్టుకుంటే "మళ్లీ మొదటికొచ్చాడు" అని విసుక్కోకూడదు. అతను నేర్చుకున్న ధైర్యం ఆ వాకిలిది, ఈ వీధిది ఇంకా నేర్చుకోవాలి.

మరీ పసివయసులో ఈ లెక్క మారుతుంది. సిడ్నీలో జీ హ్యూన్ కిమ్, రిక్ రిచర్డ్‌సన్ 2007లో గమనించిందేమిటంటే, 24 రోజుల ఎలుకలకు భయం పోగొట్టినా చోటు మార్చితే తిరిగొచ్చింది, 17 రోజుల పిల్లలకు మాత్రం తిరిగి రాలేదు. చెరిపేసినట్టే పోయింది. ఈ తేడాకు ఒక కారణం 2009లో బయటపడింది. చిట్టెలుకకు మూడు వారాల వయసు వచ్చేసరికి అమిగ్డలాలోని కొన్ని కణాల చుట్టూ సన్నని వల అల్లుకుంటుంది, జ్ఞాపకానికి అది కంచె. పెద్ద చిట్టెలుకలో ఆ వలను ఎంజైముతో కరిగించి, ఆ తర్వాత నేర్పిన భయం పసిపిల్లల్లోలాగే చెరిగిపోయింది. "మరి చెప్పామా లేదా, పసివాళ్ల భయం అదే పోతుందని!" అనొచ్చు ఎవరైనా. అదే పోలేదు. మళ్లీ మళ్లీ సురక్షితంగా ఎదురైతేనే పోయింది. పైగా తల్లి నుంచి రోజూ కొన్ని గంటలు విడదీసిన ఎలుక పిల్లల్లో ఈ వెసులుబాటు ముందే మూసుకుపోయిందని బ్రిడ్జెట్ కాలగన్, రిచర్డ్‌సన్ 2011లో చూపారు. అవి 17 రోజులకే పెద్ద ఎలుకల్లా పాత భయానికి తిరిగి వెళ్లాయి.

"తోసేస్తే అదే పోతుంది" అని ఈత రాని పిల్లవాణ్ని బావిలోకి నెట్టేవాళ్లున్నారు. అలా నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ భయం తగ్గాలంటే అనుకున్న చెడు జరగకుండా ఉండాలి. ముక్కులోకి నీళ్లు పోయి ఉక్కిరిబిక్కిరైన పిల్లవాడికి చెడు జరిగే తీరింది. నేర్చుకోలేక ఆజన్మాంతం నీటికి దూరమైనవాళ్లు రచ్చబండ దగ్గర ఆ కథ చెప్పుకోరు, అందుకే గెలిచినవాళ్ల మాటే మనకు వినిపిస్తుంది. 1920లో వాట్సన్, రేనర్ 11 నెలల ఆల్బర్ట్ అనే శిశువుకు తెల్ల ఎలుకను చూపిస్తూ వెనక ఇనుప కమ్మీని సుత్తితో కొట్టి భయం నేర్పారు. దాన్ని పోగొట్టకముందే ఆ బిడ్డ ఆసుపత్రి వదిలి వెళ్లిపోయాడు. నాలుగేళ్ల తర్వాత మేరీ కవర్ జోన్స్ ప్రచురించిన పనిని ఇంతగా ఎవరూ తలుచుకోరు. పీటర్ అనే మూడేళ్లు నిండని బాబుకు కుందేలంటే హడల్. వాడు ఇష్టమైనది తింటుంటే ఆమె కుందేలును దూరంగా ఉంచి, రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపించింది. చివరికి బాబు దాన్ని నిమిరాడు. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి మెట్ల మీద నుంచి మెల్లగా నీళ్లలోకి దింపే మన పద్ధతి అచ్చంగా ఇదే. బావిలోకి నెట్టే పద్ధతి పక్కనే ఈ పద్ధతీ ఉంది, మెచ్చుకోవాల్సింది దీన్ని.

"ఎలుకల సంగతి మనుషులకెందుకు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. ఎలుక రోజుల్ని మన ఏళ్లలోకి మార్చే పట్టిక ఏదీ లేదు. కానీ వయసును బట్టి భయం తగ్గే తీరు మారడం మనుషుల్లోనూ కనబడింది. న్యూయార్క్‌లో శివోన్ ప్యాట్‌వెల్, ఫ్రాన్సిస్ లీ బృందం 2012లో పిల్లల్నీ (5–11), కౌమారుల్నీ (12–17), పెద్దల్నీ పోల్చింది. నేర్చిన భయం అందరికంటే తక్కువగా తగ్గింది కౌమారుల్లోనే. "ఆ వయసులో భయం భక్తి ఎక్కడివి, బెత్తం పడితేనే దారికొస్తారు" అనేవాళ్లు దీన్ని ఒకసారి ఆలోచించాలి. 13 ఏళ్ల పిల్ల లెక్కల పీరియడ్‌లో నేర్చుకున్న వణుకు సులువుగా వదలదు. విద్యా హక్కు చట్టం (2009) 17వ సెక్షను బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, దానికి ఇంతకంటే గట్టి సమర్థన అక్కర్లేదు.

చివరిగా తాయత్తు, దిష్టి, ఊదు పొగ. ఇవి పనిచేస్తాయని చాలామంది గట్టి నమ్మకం, దానికి వాళ్లకున్న అనుభవమూ అబద్ధం కాదు. దిష్టి తీసేటప్పుడు పిల్ల తల్లి ఒడిలో ఉంటుంది, చుట్టూ తనవాళ్లుంటారు, గొంతులు నెమ్మదిస్తాయి. తల్లి పక్కన ఉన్నప్పుడు ఎలుక పిల్ల మెదడు వాసనకూ షాకుకూ ముడివేసి భయం నేర్చుకోదని మోరిసో, సల్లివన్ 2006లో చూపారు. అమ్మ ఫోటో చూపిస్తే చిన్నపిల్లల అమిగ్డలా నెమ్మదిస్తుందనీ, కౌమారుల్లో అలా జరగదనీ 2014లో తేలింది. పనిచేసింది దారం కాదు, ఒడి. అలాంటప్పుడు దారం కడితే నష్టమేమిటంటారా? చాలాసార్లు ఏమీ లేదు. ఒక్క చోట మాత్రం ఉంది. ఏడాది లోపు శిశువు నిద్ర లేవగానే ఉన్నట్టుండి తల వాల్చి, చేతులు విదిల్చి, క్షణంలో సర్దుకుని, కొన్ని సెకన్లకు మళ్లీ అలాగే వరసగా చేస్తుంటే అది జడుపు కాకపోవచ్చు. పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ ఇలాగే ఉంటుంది, వైద్యం ఆలస్యమైతే ఎదుగుదల దెబ్బతింటుంది. అలాంటప్పుడు తాయత్తు కోసం తిరగకుండా, ఆ కదలికల్ని ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.