ట్రావెల్ ట్రైలర్‌కు పికప్ ట్రక్కు ఎంపిక

ట్రావెల్ ట్రైలర్ అనగా మంచాలు, వంటగది, స్నానాలగది వంటి వసతులు కలిగి, సొంత ఇంజను లేకుండా మరొక వాహనం వెనుక లాగబడే చక్రాల ఇల్లు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు మరియు కెనడాలలో దీనిని లాగడానికి ఎక్కువగా పికప్ ట్రక్కును ఉపయోగిస్తారు. ఒక ట్రక్కు ఒక ట్రైలర్‌ను క్షేమంగా లాగగలదా లేదా అన్నది ప్రకటనలలో కనిపించే లాగుడు సామర్థ్యం ఒక్కదానిని బట్టి తెలియదు. కుటుంబ ప్రయాణాలలో చాలాసార్లు ట్రక్కు లాగగల బరువు కన్నా ముందుగా అది మోయగల బరువు హద్దు దాటిపోతుంది. అందువలన ఎంపికలో మొదట చూడవలసినది మోయగల బరువు, ఆ తరువాతనే ఇంజను శక్తి.

చరిత్ర

ఫోర్డ్ సంస్థ 1925లో తన మోడల్ టీ కారుకు వెనుక తొట్టి అమర్చి, కర్మాగారం నుండే తయారై వచ్చే పికప్‌ను అమ్మకానికి పెట్టింది. ట్రావెల్ ట్రైలర్లు కూడా ఇంచుమించు అదే కాలంలో వ్యాప్తిలోకి వచ్చాయి. వాలీ బయామ్ 1931లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థను ప్రారంభించాడు. ఆ సంస్థ 1936లో తెచ్చిన అల్యూమినియపు క్లిప్పర్ ట్రైలర్ ప్రసిద్ధి పొందింది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం ఈ పరిశ్రమకు కేంద్రంగా ఎదిగింది.

తొలినాళ్ళలో ఈ ట్రైలర్లను సాధారణ కార్లతోనే లాగేవారు. 1970ల తరువాత కార్లు చిన్నవై, విడి చట్రం గల పెద్ద కార్లు క్రమంగా తగ్గిపోయాయి. దీనితో ఈ పని పికప్ ట్రక్కులకు మరియు చట్రంపై నిర్మించిన పెద్ద ఎస్.యు.వి.లకు చేరింది.

తెలుసుకోవలసిన బరువులు

ట్రక్కు మరియు ట్రైలర్ విషయంలో తయారీదారులు అనేక బరువులను నిర్దేశిస్తారు. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

• కర్బ్ వెయిట్: నిండుగా ఇంధనం పోసిన ట్రక్కు బరువు. ఇందులో మనుషులు, సామాను చేరరు.
• జీ.వీ.డబ్ల్యూ.ఆర్.: మనుషులు, సామాను, ట్రైలర్ వలన పడే భారం అన్నీ కలిపి ట్రక్కు ఉండదగిన గరిష్ఠ బరువు. ట్రైలర్‌కు కూడా ఇటువంటి హద్దు వేరుగా ఉంటుంది.
• పేలోడ్: ట్రక్కు తనపై మోయగల బరువు. జీ.వీ.డబ్ల్యూ.ఆర్. నుండి కర్బ్ వెయిట్‌ను తీసివేస్తే ఇది వస్తుంది.
• జీ.ఏ.డబ్ల్యూ.ఆర్.: ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా మోయగల గరిష్ఠ బరువు.
• జీ.సీ.డబ్ల్యూ.ఆర్.: ట్రక్కు, ట్రైలర్, వాటిలోని సమస్తం కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు.
• టంగ్ వెయిట్: ట్రైలర్ ముందు భాగం ట్రక్కు కొక్కెంపై కిందికి మోపే బరువు.

వీటిలో ఏ ఒక్క హద్దు దాటినా ఆ జోడీ తగినది కాదు. ఒక హద్దుకు లోబడి ఉండటం మరొక హద్దును దాటడానికి అనుమతి కాదు.

టంగ్ వెయిట్ ప్రాముఖ్యత

రెండు చక్రాల ఎడ్లబండిలో బస్తాలను ముందుకు ఎక్కువగా వేస్తే కాడి ఎద్దుల మెడపై భారంగా పడుతుంది. వెనుకకు ఎక్కువగా వేస్తే కాడి పైకి లేస్తుంది. ట్రావెల్ ట్రైలర్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. దాని చక్రాలు మధ్య భాగానికి కొంచెం వెనుకగా ఉండటం వలన బరువులో కొంత భాగం ట్రక్కుపై పడుతుంది. ఈ భాగం ట్రైలర్ మొత్తం బరువులో 10 నుండి 15 శాతం వరకు ఉండవలెనని సాధారణ నియమం.

ఇది 10 శాతం కన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపినట్లు అటూ ఇటూ ఊగడం మొదలు పెట్టవచ్చును. వేగం పెరిగిన కొద్దీ ఈ ఊపు పెరిగి, చివరకు ట్రక్కునే తిప్పివేయగలదు. మరీ ఎక్కువైతే ట్రక్కు వెనుక భాగం కుంగి, ముందు చక్రాలపై భారం తగ్గుతుంది. అప్పుడు స్టీరింగు, ముందు బ్రేకులు పట్టు కోల్పోతాయి. కావున ట్రక్కుపై భారం తగ్గించడానికి ట్రైలర్‌లోని సామానును వెనుకకు జరపడం పరిష్కారం కాదు, ప్రమాదకరం.

ఒక ఉదాహరణ

నలుగురు సభ్యులున్న కుటుంబం ఒక సాధారణ పెద్ద పికప్‌ను చూస్తున్నదని అనుకుందాము. ప్రకటనలో దాని లాగుడు సామర్థ్యం 5,000 కిలోలు. తలుపు వద్ద ఉన్న చీటీలో పేలోడ్ 680 కిలోలు. వారు కొనదలచిన ట్రైలర్ జీ.వీ.డబ్ల్యూ.ఆర్. 3,400 కిలోలు. ఇది లాగుడు సామర్థ్యంలో 68 శాతం మాత్రమే కనుక జోడీ సరిపోతుందనిపిస్తుంది. కాని ట్రక్కుపై పడే బరువులు ఇలా ఉంటాయి.

• టంగ్ వెయిట్, 13 శాతం చొప్పున: 442 కిలోలు
• భారం పంచే హిచ్ పరికరం: 45 కిలోలు
• నలుగురు మనుషులు: 270 కిలోలు
• తొట్టిలోని సామాను: 70 కిలోలు
• మొత్తం: 827 కిలోలు

పేలోడ్ 147 కిలోలు మించిపోయింది. ఇదే లెక్కను వెనుక నుండి చేయవచ్చును. 680 కిలోల నుండి మనుషులు, సామాను, హిచ్ బరువులను తీసివేస్తే టంగ్ వెయిట్‌కు 295 కిలోలు మిగులుతుంది. దీనిని 13 శాతంగా తీసుకుంటే ట్రైలర్ నిండు బరువు సుమారు 2,270 కిలోలకు మించరాదు. అనగా ప్రకటనలోని 5,000 కిలోలలో సగం కూడా ఈ కుటుంబానికి ఉపయోగపడదు.

ఈ లెక్కలో ట్రైలర్ ఖాళీ బరువును తీసుకోరాదు. కర్మాగారం చెప్పే ఖాళీ బరువులో నీరు, దుస్తులు, వంటపాత్రలు, ఆహారం లెక్కలోకి రావు. 150 లీటర్ల నీటి తొట్టి నింపితేనే 150 కిలోలు పెరుగుతుంది. అందువలన ట్రైలర్ జీ.వీ.డబ్ల్యూ.ఆర్.తో లెక్క కట్టడం క్షేమం.

పేలోడ్ చీటీ

అమెరికాలో అమ్మే ట్రక్కులకు డ్రైవరు తలుపు చట్రంపై టైర్ల గాలి పీడనం మరియు మోయగల బరువు తెలిపే చీటీ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి మించరాని బరువు దానిపై కిలోలలోను, పౌన్లలోను ముద్రించబడి ఉంటుంది. డ్రైవరు బరువు కూడా ఇందులో భాగమే.

ఈ సంఖ్య ఆ ఒక్క బండికి మాత్రమే చెందుతుంది. ఒకే పేరు, ఒకే ఇంజను గల రెండు ట్రక్కుల మధ్య కూడా తేడా ఉండవచ్చును. నాలుగు చక్రాల చలనం, పైకప్పు అద్దం, పెద్ద చక్రాలు, ఖరీదైన సీట్లు మొదలైనవన్నీ ట్రక్కు బరువును పెంచి పేలోడ్‌ను తగ్గిస్తాయి. ఈ కారణంగా అదే శ్రేణిలో ఖరీదైన నమూనా కన్నా సాదా నమూనా ఎక్కువ బరువు మోయగలగడం సాధారణం. కొన్న తరువాత అమర్చిన తొట్టి మూత, పక్క మెట్లు వంటి వాటి బరువును కూడా చీటీలోని సంఖ్య నుండి తీసివేయవలెను.

పికప్ తరగతులు

అమెరికాలో పికప్‌లను స్థూలంగా నాలుగు తరగతులుగా విభజిస్తారు.

మధ్యతరహా పికప్‌లు: టొయోటా టకోమా, షెవ్రొలే కొలరాడో, ఫోర్డ్ రేంజర్ ఈ కోవలోనివి. చిన్న, తేలికైన ట్రైలర్లకు ఇవి అనుకూలం. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం తక్కువ కావడం వలన పొడవైన ట్రైలర్ వీటిని సులభంగా ఊపగలదు.

అర టన్ను పికప్‌లు: ఫోర్డ్ ఎఫ్-150, షెవ్రొలే సిల్వరాడో 1500, రామ్ 1500, టొయోటా టండ్రా ఇందులోనివి. మధ్యరకం ట్రైలర్లకు ఎక్కువగా వీటినే వాడతారు.

ముప్పావు టన్ను పికప్‌లు: ఎఫ్-250, సిల్వరాడో 2500, రామ్ 2500 ఇందులోనివి. చట్రం, స్ప్రింగులు, బ్రేకులు దృఢంగా ఉంటాయి. ఖాళీగా నడిపినపుడు కుదుపు ఎక్కువ.

ఒక టన్ను పికప్‌లు: ఎఫ్-350, సిల్వరాడో 3500, రామ్ 3500 ఇందులోనివి. కొన్నింటికి వెనుక ఇరుసుపై నాలుగు చక్రాలు ఉంటాయి.

టన్నులతో కూడిన ఈ పేర్లు ఒకప్పటి మోయగల బరువును సూచించేవి. నేటి ట్రక్కుల అసలు పేలోడ్‌కు వీటితో సంబంధం లేదు.

ఇంజను మరియు గేర్లు

డీజిల్ ఇంజను తక్కువ వేగంలో ఎక్కువ టార్క్ ఇస్తుంది. ఎగ్జాస్టు బ్రేకు ఉన్నచో పల్లంలో దిగేటపుడు వేగాన్ని అదుపులో ఉంచుతుంది. కాని డీజిల్ ఇంజను బరువైనది. అందువలన అదే జీ.వీ.డబ్ల్యూ.ఆర్. గల పెట్రోలు ట్రక్కు కన్నా దాని పేలోడ్ తక్కువగా ఉంటుంది.

ఎత్తైన ప్రదేశాలలో గాలి పలుచబడుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. కొలరాడో రాష్ట్రంలో 70వ అంతర్రాష్ట్ర రహదారిపై గల ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి చేరేసరికి ఇటువంటి ఇంజను శక్తిలో సుమారు మూడవ వంతు తగ్గుతుంది. టర్బో ఇంజనుపై ఈ ప్రభావం స్వల్పం.

ఇరుసు గేరు నిష్పత్తి కూడా ముఖ్యమైనది. ఒకే ఇంజను గల ట్రక్కులలో 3.73 నిష్పత్తి గలది 3.31 నిష్పత్తి గల దాని కన్నా ఎక్కువ బరువు లాగగలదు, కాని ఇంధనం కొంత ఎక్కువ ఖర్చవుతుంది. విద్యుత్ పికప్‌లకు టార్క్ పుష్కలంగా ఉన్నప్పటికీ, పెద్ద ట్రైలర్‌ను లాగినపుడు ఒక ఛార్జింగుతో పోగల దూరం సుమారు సగానికి పడిపోతుంది.

జే2807 ప్రమాణం

పూర్వం ప్రతి సంస్థ తన లాగుడు సామర్థ్యాన్ని తనకు తోచిన పద్ధతిలో ప్రకటించేది. దీనిని క్రమబద్ధం చేయడానికి ఎస్.ఏ.ఇ. సంస్థ 2008లో జే2807 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. టొయోటా దీనిని అందరికన్నా ముందుగా అనుసరించింది. తక్కిన ప్రధాన సంస్థలు 2015 ప్రాంతంలో దీనికి మారాయి. ఇందులో భాగంగా అరిజోనా రాష్ట్రంలోని డేవిస్ డ్యామ్ వద్ద గల పొడవైన ఎగుడు దారిని ఎండవేళ, ఎయిర్ కండిషనర్ నడుస్తుండగా, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కవలెను. ఈ పరీక్షలో ట్రక్కులో ఇద్దరు మనుషులు మాత్రమే ఉంటారని లెక్కిస్తారు. నిండు కుటుంబం, తొట్టి నిండా సామాను ఉన్నపుడు ఆ సంఖ్య వర్తించకపోవడానికి ఇదే కారణం.

హిచ్, బ్రేకులు, ఊపు నివారణ

ట్రక్కు వెనుక చట్రానికి బిగించిన రిసీవర్‌కు కూడా బరువు హద్దులు ఉంటాయి. అవి దానిపైనే ముద్రించబడి ఉంటాయి. బరువైన ట్రైలర్లకు భారం పంచే హిచ్‌ను వాడతారు. దీనిలోని స్ప్రింగు కడ్డీలు టంగ్ వెయిట్‌లో కొంత భాగాన్ని ముందు ఇరుసుకు, మరికొంత ట్రైలర్ ఇరుసులకు పంపిణీ చేస్తాయి. ఇది ట్రక్కు సమతూకాన్ని బాగుచేస్తుంది గాని దాని జీ.వీ.డబ్ల్యూ.ఆర్.ను పెంచదు.

ట్రైలర్‌కు సొంత విద్యుత్ బ్రేకులు, ట్రక్కులో వాటి నియంత్రణ పరికరం ఉండవలెను. ట్రైలర్ విడిపోయినచో దాని బ్రేకులు వాటంతట అవే పడే మీట, కప్లర్ కింద అడ్డంగా వేసిన రెండు గొలుసులు తప్పనిసరి. ట్రైలర్ పక్కలు కనిపించేలా వెడల్పాటి అద్దాలు కావలెను.

ప్రయాణంలో ట్రైలర్ ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకును గట్టిగా తొక్కరాదు. స్టీరింగును నిటారుగా పట్టుకొని, యాక్సిలరేటరుపై కాలు నెమ్మదిగా తీసి, నియంత్రణ పరికరంతో ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేయవలెను. వేగం తగ్గిన తరువాత బండిని ఆపి సామాను అమరికను సరిచూడవలెను.

ఎంపిక క్రమం

1. మొదట ట్రైలర్‌ను నిర్ణయించి, దాని జీ.వీ.డబ్ల్యూ.ఆర్.ను తెలుసుకొనవలెను.
2. అందులో 13 నుండి 15 శాతాన్ని టంగ్ వెయిట్‌గా లెక్కించవలెను.
3. దానికి మనుషులు, సామాను, హిచ్ బరువులను కలపవలెను.
4. ఈ మొత్తం కన్నా ఎక్కువ పేలోడ్ గల ట్రక్కును, దాని తలుపు చీటీ చూసి ఎంచుకొనవలెను.
5. ఆ తరువాత ఇరుసులు, టైర్లు, రిసీవర్, జీ.సీ.డబ్ల్యూ.ఆర్. హద్దులను సరిచూడవలెను.
6. ఇంజను, గేరు నిష్పత్తులను ప్రయాణించే దారులను బట్టి నిర్ణయించవలెను.

ట్రక్కు ముందే ఉన్నవారు ఇదే లెక్కను వెనుక నుండి చేసి, తమ ట్రక్కుకు తగిన ట్రైలర్‌ను వెతకవలెను.

కాటా వేయడం

లెక్కలన్నీ అంచనాలే. అసలు బరువు కాటాపైనే తెలుస్తుంది. అమెరికా రహదారుల పక్కన లారీలు ఆగే చోట్ల ఇరుసుల వారీగా తూచే కాటాలు ఉంటాయి. ప్రయాణానికి సిద్ధమైన సామానుతో, కుటుంబ సభ్యులందరూ కూర్చొని ఉండగా మొదట ట్రక్కును మాత్రమే తూచవలెను. తరువాత స్ప్రింగు కడ్డీలు బిగించకుండా ట్రైలర్‌ను తగిలించి, ట్రక్కు ఇరుసులను మళ్ళీ తూచవలెను. రెండింటి తేడాయే టంగ్ వెయిట్. చివరగా కడ్డీలు బిగించి తూచితే ముందు ఇరుసుకు ఎంత భారం తిరిగి వచ్చినదో తెలుస్తుంది. ఏదైనా హద్దు దాటినట్లు తేలితే సామాను తగ్గించవలెను. అప్పటికీ సరిపోనిచో చిన్న ట్రైలర్ గాని, పెద్ద ట్రక్కు గాని అవసరమవుతుంది. వెనుక స్ప్రింగులకు గాలి సంచులు అమర్చినచో ట్రక్కు కుంగకుండా నిలబడుతుందే గాని, తయారీదారు విధించిన హద్దు మారదు.

ఇవి కూడా చూడండి

• పికప్ ట్రక్కు
• ట్రైలర్
• టార్క్